ఉప్మా చేస్తూ ఇంగ్లిష్ వ్యాకరణం

సంపాదకులకు,

మీ విద్యా పేజీలో ఇంగ్లిష్ వ్యాకరణం సూత్రాలుగానే వస్తోంది. వారానికొక నిత్యజీవిత అంశం, అంటే వంట, బస్సు ప్రయాణం, కూరగాయల బేరం లాంటివి కూడా ఇవ్వండి.

పిల్లలు ఎక్కడ తడబడతారో తెలుగే చెబుతుంది. ‘రోజూ కాఫీ తాగుతాను’, ‘రేపు కాఫీ తాగుతాను’: మనకు క్రియారూపం ఒకటే. ఇంగ్లిష్‌లో మొదటిది ‘ఐ డ్రింక్’, రెండోది ‘ఐ విల్ డ్రింక్’. ఇక ‘ఎ’, ‘ది’ లాంటివి మనకు లేవు కాబట్టి వాక్యంలోంచి జారిపోతాయి. వాటిని వంటింట్లో పట్టుకోవడం తేలిక. ఏదో ఒక ఉల్లిపాయ తరిగితే ‘కట్ యాన్ ఆనియన్’, దాన్నే వేయిస్తే ‘ఫ్రై ది ఆనియన్’. రవ్వను ఒకటీ రెండూ అని లెక్కపెట్టం, అందుకే ‘సమ్ రవ్వ’.

రోజుకు 15 నిమిషాలు చాలు. ఉప్మా తయారీలోంచి 6 క్రియలు తీసుకోవాలి: కట్, ఫ్రై, రోస్ట్, పోర్, బాయిల్, స్టిర్. చేస్తున్నప్పుడు ‘ఐ యామ్ రోస్టింగ్ ది రవ్వ’, తిన్నాక ‘ఐ రోస్టెడ్ ది రవ్వ’ అని పైకి అనాలి. ఆ తర్వాతే 5 వాక్యాలు రాయాలి. ‘కట్’ దగ్గర జాగ్రత్త: భూతకాలంలోనూ అది ‘కట్’ మాత్రమే, కానీ మిగతావాటి ఒరవడిలో పిల్లలు ‘కట్టెడ్’ అనేస్తారు.

తల్లిదండ్రులకు మా విన్నపం, రోజుకు ఒక్క రకం తప్పే దిద్దండి. మాటమాటకూ ఆపితే పిల్లలు నోరు విప్పడమే మానేస్తారు.

— కొందరు ఇంగ్లిష్ ఉపాధ్యాయులు, కర్నూలు