ఎక్కిన గేరులోనే దిగాలి

విజయనగరం

చిట్టితల్లీ,

రాత్రి ఫోన్లో "ఏ కారు కొనమంటావు నాన్నా" అని అడిగావు. ఒక్క ముక్కలో తేలే సంగతి కాదని అప్పుడేమీ చెప్పలేదు. ఆటోమేటిక్ అన్నావు, పెద్ద స్క్రీన్ ఉందన్నావు. బాగానే ఉంది. నేను మాత్రం బండి ఎంత జోరుగా ఎక్కుతుందని కాదు, ఎలా దిగుతుందని చూస్తాను.

నీకు మూడేళ్లప్పుడు మనకి డీజిల్ అంబాసిడర్ ఉండేది. స్టీరింగ్ తిప్పితే భుజాలు నొప్పెట్టేవి గానీ, గతుకుల్లో అంత కుదురుగా నడిచిన బండిని మళ్లీ చూడలేదు. ఒకసారి కోరాపుట్ నుంచి వస్తున్నాం. సుంకి దాటాక సాలూరు ఘాట్. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేశాను. నాలుగు చక్రాలకీ తొందరగా వేడెక్కే డ్రమ్ బ్రేకులే. నాలుగైదు మలుపులు తిరిగేసరికి బ్రేకు లైనర్లు మాడిన వాసన. పెడల్ అడుగంటా దిగిపోయింది, బండి మాత్రం ఆగదు. గేరు వేయబోతే గరగరమంది గానీ పడలేదు. ఎక్సలేటర్ ఒకసారి గట్టిగా తొక్కి రెండో గేరులోకి నెట్టాను. హ్యాండ్ బ్రేకు లాగి కొండ వైపు కాలవలోకి దించాను. మీ అమ్మ నిన్ను గుండెలకి అదుముకుని ఒక్క మాటా మాట్లాడలేదు.

వెనకాలే వచ్చిన సాలూరు లారీ డ్రైవరు దిగి, చక్రం మీద చెయ్యి వెయ్యబోయి ఆ వేడికి వెనక్కి తీసుకున్నాడు. "ఏ గేర్లో ఎక్కినామో ఆ గేర్లోనే దిగాల బాబూ" అన్నాడు. గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, న్యూట్రల్‌లో భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఆ రోజు తర్వాత నేను ఏ బండినీ న్యూట్రల్‌లో దించలేదు. ఇప్పటి బండ్లకైతే దానివల్ల మిగిలేదీ లేదు. గేరులో ఉండగా ఎక్సలేటర్ మీంచి కాలు తీస్తే ఇంజెక్టర్లు ఇంధనం ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఇంజను తాగుతూనే ఉంటుంది.

తర్వాత మారుతి 800. 796 సీసీ, మూడు సిలిండర్లు. నువ్వు మన ఊరి అయోధ్య మైదానంలో స్టీరింగ్ పట్టింది దాని మీదే. సీట్లో కూర్చుంటే బండి నాలుగు మూలలూ ఎక్కడున్నాయో తెలిసేది. హైవే మీద లారీ పక్కనుంచి పోతే మాత్రం ఊగిపోయేది. ఆ రెండు బండ్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఆ కబురు విన్నప్పుడు నిజంగానే బాధేసింది.

ఇప్పుడున్న స్విఫ్ట్ డీజిల్‌కి 1248 సీసీ ఇంజను. రెండు వేల ఆర్‌పీఎం దాటేదాకా టర్బో లేవదు, ఇంజనుకి ఊపు రాదు. అందుకే ఘాట్‌లో దాన్ని రెండో గేరులోనే ఉంచుతాను.

హైదరాబాద్ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి తొక్కి నీ మోకాలు పాడవడం నాకిష్టం లేదు, క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే మార్చుకునే ఏఎంటీయే తీసుకో. మాన్యువల్ మోడ్ ఉండాలి, దిగేటప్పుడు గేరు నువ్వే తగ్గించుకోవాలి. టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కదానివే వెళ్లకు. నలుగురిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కించు, మధ్యలో ఆపి మళ్లీ కదిలించు. వెనక్కి ఎంత జారుతుందో చూడు. బండిని గుద్దించి భద్రత చూసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఎన్ని స్టార్లు వచ్చాయో అడుగు. స్క్రీన్ సంగతి ఆ తర్వాత. డెలివరీ రోజున టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు వెతుకు. మొదటి రెండూ అది తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. పాత టైరైతే మార్చమను, మొహమాటపడకు.

సిరిమాను పండక్కి వస్తావుగా, కొత్త బండిలోనే రా. ఒకరోజు సాలూరు ఘాట్‌కి పోదాం. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నువ్వే నడుపు. నేను పక్క సీట్లో కూర్చుంటాను.

మీ నాన్న