ఫాంట్లు కలిపే మీ సాఫ్ట్‌వేర్‌ వత్తులను పోగొట్టింది: ఫిర్యాదు

హనుమకొండ

వినియోగదారుల విభాగం వారికి,

అయ్యా/అమ్మా,

నేను హనుమకొండ చౌరస్తా దగ్గర డీటీపీ పని చేస్తాను. 2023 జనవరిలో అడోబీ కంపెనీ టైప్‌ 1 అనే పాత రకం ఫాంట్లకు మద్దతు ఆపేశాక, మా పాత ఫాంట్లను మార్చుకోవడానికి మీ సాఫ్ట్‌వేర్‌కు ఏడాది చందా కట్టాను. ఆ పని బాగానే చేసింది, కాదనను. నా ఫిర్యాదు ఫాంట్లు కలపడం గురించి.

కాజీపేటలో ఒక చర్చి వారు 119వ కీర్తన మీద చిన్న పుస్తకం వేయమన్నారు. ఆ కీర్తనలో 176 వచనాలు. హీబ్రూలోని 22 అక్షరాల వరుసలో, అక్షరానికి ఎనిమిది చొప్పున ఉంటాయి. తెలుగు వరుస మధ్యలో హీబ్రూ మాట వచ్చినప్పుడల్లా ఫాంటు మార్చనక్కర్లేకుండా తెలుగు, హీబ్రూ ఫాంట్లు రెండింటినీ ఒకటి చేద్దామనుకున్నాను. రెండూ మార్చుకోవడానికి లైసెన్సు అనుమతించే ఓపెన్‌టైప్‌ (ఇప్పటి రకం) ఫాంట్లే.

మీ సాఫ్ట్‌వేర్‌ "విజయవంతంగా పూర్తయింది" అంది. టైపు చేసి చూస్తే "ధర్మశాస్త్రము" కాస్తా "ధర్‌మశాస్‌త్‌రము" అయింది. ఆ కీర్తన అంతా ధర్మశాస్త్రం గురించే, పేజీ పేజీకీ ఆ మాటే! తెలుగు అక్షరాల బొమ్మలన్నీ వచ్చాయి గానీ, వాటికి వత్తులు తగిలించే జీసబ్‌ పట్టిక (ఫాంటు లోపల ఉండే సూచనల జాబితా) రాలేదు.

హీబ్రూకు ఇంకా అన్యాయం జరిగింది. ఆ ఫాంటులో ఒక్కో అక్షరం 1000 యూనిట్ల గడిలో గీసింది, తెలుగుది 2048. కొలత సరిచేయకుండా తెచ్చి పెట్టడంతో హీబ్రూ అక్షరాలు సగం కన్నా చిన్నవయ్యాయి. గుర్తులను సరైన చోట నిలిపే జీపాస్‌ పట్టిక కూడా పోయి అచ్చుల చుక్కలు, మిగతా చుక్కలు పక్కకు జరిగాయి. 'షిన్‌' అక్షరానికి కుడివైపు చుక్క ఉంటే 'ష', ఎడమవైపు ఉంటే 'స'. చుక్క తప్పితే చదువే మారిపోతుంది. దేవుని వాక్యంగా చదువుకునే వాళ్ల చేతికి అలాంటి పుస్తకం ఎట్లా ఇవ్వను?

మీ వాళ్లను అడిగితే "మళ్లీ ఇన్‌స్టాల్‌ చేయండి" అన్నారు. చేశాను, ఫలితం అదే. అక్షరాల సంఖ్య ఎక్కువైందా అంటే అదీ కాదు. ఒక ఫాంటులో 65,535 బొమ్మలు పడతాయి, నావి అందులో చిన్న మూలకు కూడా రావు. మీ ప్రకటనలో మాత్రం "హీబ్రూతో సహా అన్ని లిపులూ కలుపుతాం" అని ఉంది.

ఈ లోపాన్ని నెల రోజుల్లో సరిచేయండి, లేదా చందా మొత్తం వాపసు ఇవ్వండి. అప్పటిదాకా, పట్టికలు వదిలేసినప్పుడు ఆ సంగతి తెరమీద చెప్పండి. పని చెడితే చెడిందని తెలిస్తే నేను చేతితోనే ఫాంటు మార్చుకుంటూ కూర్చునేవాణ్ని, రెండు వారాలు పోయేవి కావు.

రెండు మూల ఫాంట్లు, మీ సాఫ్ట్‌వేర్‌ ఇచ్చిన ఫైలు, రసీదు జతచేశాను.

ఇట్లు,
డీటీపీ కేంద్రం యజమాని