గుర్రాలకు కంబళి కప్పాలా వద్దా? ఈ రాత్రికే చూసుకోండి

అందరికీ నమస్కారం. మన అనంతపురంలో ఈ కాలంలో ఇంత చలివాన ఎవరూ అనుకోలేదు. పొద్దున్నుంచి ఇదే విషయం అడుగుతూ ఫోన్లు వస్తున్నాయి, అందుకే ఇక్కడ రాస్తున్నా.

కొట్టంలో పొడిగా ఉండి బాగా మేస్తున్న గుర్రానికి కంబళి అక్కర్లేదు. చలికి దాని వెంట్రుకలు నిక్కబొడుచుకుని మధ్యలో గాలిని పట్టి ఉంచుతాయి. తడిస్తే అవి ఒంటికి అతుక్కుపోతాయి, చలి ఎక్కేది అప్పుడే. వానకు గాలి తోడైతే మరీ కష్టం.

ముసలివి, బక్కచిక్కినవి, గుర్రప్పిల్లలు, వెంట్రుకలు కత్తిరించినవి, వణుకుతున్నవి ఉంటే తప్పకుండా కప్పండి. ముందు పొడి గోనెపట్టతో బాగా రుద్ది ఆరనివ్వండి. తడి ఒంటి మీద మాత్రం కప్పొద్దు, దయచేసి! ప్లాస్టిక్ పట్ట నేరుగా వేసినా లోపల చెమట పట్టి మళ్లీ తడుస్తుంది.

చెవులు చల్లగా ఉన్నాయని టెన్షన్ పడకండి. కంబళి కింద భుజం దగ్గర చెయ్యి పెట్టి చూడండి. చెమటగా ఉంటే తీసేయండి.

రాత్రికి దాణా పెంచొద్దు, ఎండుగడ్డి ఇంకో మోపు వేయండి. గడ్డి పేగుల్లో పులిసేటప్పుడే ఒంట్లో వేడి పుడుతుంది. వానకు బూజు పట్టిన చెనిక్కాయ కట్టె (వేరుశనగ ఎండు మేత) వద్దే వద్దు.

రాత్రి 9కి, తెల్లారి 5కి అందరూ ఒకసారి చూసి, గ్రూపులో "చూశాను" అని పెట్టండి. వణుకు ఆగకపోయినా, మేత ముట్టకపోయినా థర్మామీటర్ పెట్టండి. పెద్ద గుర్రానికి మామూలుగా 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. 37 కన్నా తగ్గితే వెంటనే పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి.

నా దగ్గర రెండు కంబళ్లు ఎక్కువ ఉన్నాయి. కావాల్సినవాళ్లు చీకటి పడేలోపు చెప్పండి.