ఆ 45 సెకన్ల గురించి నౌకాయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను ఓడల్లో ఎలక్ట్రికల్ అధికారిని. ఒక రాత్రి రేవులోకి వస్తుంటే మా ఓడలో కరెంటు పోయింది. దీపాలు ఆరినందుకు కాదు, ఫ్యాన్ల హోరు సన్నగిల్లి పూర్తిగా ఆగిపోయినందుకు భయమేసింది. ఇంజన్ రూములో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. ఎమర్జెన్సీ జనరేటర్ అందుకునేదాకా చుక్కాని కదల్లేదు. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు.

2024 మార్చి 26న బాల్టిమోర్‌లో అలా జరగలేదు. కరెంటు పోయిన డాలీ అనే కంటైనర్ ఓడ వంతెనను ఢీకొట్టింది. వంతెన మీద పనిలో ఉన్న ఆరుగురు చనిపోయారు. నేను అడగబోయే ఫ్లైవీల్, అంటే తిరుగుతూ శక్తిని దాచే బరువైన చక్రం, అక్కడ ఉండి ఉంటే ఆ ప్రమాదం తప్పేదని అనను. కరెంటు లేని ఓడ ఎంత నిస్సహాయమో మాత్రం అందరూ చూశారు.

ఎమర్జెన్సీ జనరేటర్ 45 సెకన్లలోపు లోడు అందుకోవాలని ఓడల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ నిబంధన. ఎనిమిది నాట్ల (గంటకు సుమారు 15 కిలోమీటర్ల) వేగంతో వెళ్లే ఓడ ఆలోపు సుమారు 185 మీటర్లు సాగిపోతుంది. ఆ భయంతోనే, ఒక జనరేటర్ సరిపోయే చోట రెండు నడుపుతాం, దాంతో ఒక్కోదాని మీద లోడు తగ్గిపోతుంది. తక్కువ లోడు మీద తిరిగే డీజిల్ ఇంజను యూనిట్‌కు ఎక్కువ ఇంధనం తాగుతుంది, లోపల మసి పేరుకుంటుంది. ఆ మసి శుభ్రం చేసే చేతులు మావే.

ఈ 45 సెకన్ల సందు పూడ్చడానికి ఫ్లైవీల్ సరిగ్గా సరిపోతుంది. కుమ్మరి సారెను కర్రతో తిప్పి వదిలేసినా తిరుగుతూనే ఉంటుంది కదా, సూత్రం అదే. గాలి తీసేసిన పెట్టెలో, అయస్కాంత బేరింగుల మీద బరువైన చక్రాన్ని మోటారు తిప్పుతుంది. కరెంటు కావాల్సినప్పుడు ఆ మోటారే జనరేటరవుతుంది. వేగం రెట్టింపైతే నిల్వ నాలుగింతలు. వేగం సగానికి పడేసరికి నిల్వలో ముప్పావు వంతు మన చేతికొస్తుంది. ఒక మెగావాట్ లోడును 45 సెకన్లు మోయడానికి కావాల్సింది 12.5 యూనిట్లే. అంత కొద్ది శక్తిని అంత వేగంగా, లక్షసార్లు ఇచ్చి పుచ్చుకోమంటే బ్యాటరీ అరిగిపోతుంది. పైగా 2019లో నార్వేలో ఒక ఫెర్రీలో బ్యాటరీలు అంటుకుని, మర్నాడు పేలుడు కూడా జరిగింది.

లోపాలూ చెప్పాలి. ఫ్లైవీల్ గంటల తరబడి శక్తిని దాచలేదు, తిరుగుతూనే కొంత పోగొట్టుకుంటుంది. ఓడ ఊగినప్పుడు చక్రం తన ఇరుసు వంగకుండా మొండికేస్తుంది, ఆ బలమంతా బేరింగుల మీద పడుతుంది. ఎదురెదురు దిశల్లో తిరిగే జంటను పెడితే ఓడ మీద పడే బలాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి గానీ, ఒక్కో బేరింగు మోసే బరువు తగ్గదు. చక్రం పగిలితే ముక్కలు బయటికి రాకుండా ఆపే కవచం ఇంకా ముఖ్యం. ఇవి పరిష్కారం లేని సమస్యలు కావు. 2017లో సేవలో చేరిన అమెరికా జెరాల్డ్ ఫోర్డ్ విమాన వాహక నౌకలో విమానాల్ని గాల్లోకి విసిరే శక్తి తిరిగే రోటార్లలోనే దాగి ఉంటుంది.

నేను కోరేవి రెండే. ప్రభుత్వం చేతిలో ఉన్న ఒక డ్రెడ్జర్ (పూడిక తీసే ఓడ) మీదో టగ్గు (ఓడల్ని లాగే పడవ) మీదో ఫ్లైవీల్ బిగించి ఏడాదిపాటు నడపనివ్వండి, అలల్లో బేరింగుల కొలతలు బయటపెట్టండి. రెండోది, కవచం పరీక్షకూ ఓడ ఊపు పరీక్షకూ నిబంధనలు రాయించండి. నిబంధన లేనిదే ఏ ఓడ యజమానీ ముందుకు రాడు. పరీక్ష ఓడ మీద పనికి మనిషి కావాలంటే నేను వస్తాను.

ఇట్లు,
ఒక ఓడ ఎలక్ట్రికల్ అధికారి