లాక్‌డౌన్ జమాఖర్చు ఎవరు రాశారు?

సంపాదకులు గారికి నమస్కారం.

కరోనా లాక్‌డౌన్ మంచిదా చెడ్డదా అని ఇప్పటికీ టీవీల్లో వాదించుకుంటారు, ఒకాయన లక్షల ప్రాణాలు నిలబడ్డాయంటాడు, ఇంకొకాయన దేశం నాశనమైపోయిందంటాడు, ఇద్దరూ ఢిల్లీ లెక్కలే చెప్తారు గానీ మా శ్రీకాకుళం సంగతి ఎవరికీ పట్టదు. కాశీబుగ్గలో కిరాణా కొట్టు నడుపుతున్నోడిని, నేను చూసింది రాస్తున్నాను.

2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని చెప్పారు, పన్నెండు నుంచి దేశమంతా బంద్. అప్పటికి మా జిల్లాలో ఒక్క కేసు లేదు. మొదటివి పాతపట్నం వైపు ఏప్రిల్ ఆఖర్లో బయటపడ్డాయి, విజయనగరంలో అయితే మే దాకా లేవు. అలాగని ఉపయోగం లేదనను. మొదట్లో శాంపిల్ తీస్తే తిరుపతి పంపేవారు, డాక్టర్లు ఒంటి నిండా తొడుక్కునే పీపీఈ కిట్లు మన దేశంలో తయారయ్యేవే కావు, ఆ కాస్త టైము దొరక్కపోతే డాక్టర్లూ నర్సులే ముందు పడిపోదురు.

కానీ నాలుగు గంటల గడువేటండి? మా సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి గుజరాత్ వేరావల్‌కి వేటకెళ్లిన వేలమంది బోట్లలోనే ఉండిపోయారు, ఏప్రిల్ ఆఖరికి గానీ బస్సులు కదల్లేదు. ముందే చెప్తే జనం రైళ్ల మీద పడి రోగం ఊళ్లకి మోసేవారు అంటారు. మార్చి 24కి దేశం మొత్తం మీద కేసులు 500 చిల్లర, వలస కూలీల కోసం శ్రామిక్ రైళ్లు మొదలెట్టిన మే 1కి సుమారు 35,000. ఎప్పుడు పంపితే రోగం తక్కువ వచ్చేదో చిన్న గుంటడు కూడా చెప్తాడు. ఈలోగా ఒడిశా కూలీలు మా హైవే మీదే ఇచ్ఛాపురం వైపు నడుచుకుంటూ పోయారు, వాళ్లలో ఎంతమంది పోయారో లెక్క లేదని సెప్టెంబర్‌లో పార్లమెంటులోనే చెప్పారు.

పలాస జీడి బట్టీల సంగతి వేరే చెప్పాలి. కొత్త పిక్కలొచ్చే సీజన్లోనే మూసీసారు. పప్పు ఒలిచే ఆడోళ్లకి కిలోల లెక్కన కూలి, బట్టీ నడవకపోతే రూపాయి లేదు. రేషన్ బియ్యం ఇచ్చారు, వాలంటీర్లు వెయ్యి రూపాయలు ఇంటికి తెచ్చిచ్చారు, కాదనకూడదు. మరి నూనె, చింతపండు, గుంటలకి బిస్కెట్టు? నెల తిరక్కుండా బాకీ కట్టేసే మనుషుల పేర్లు నా అప్పు పుస్తకంలో ఆ ఏడాదంతా అలాగే ఉన్నాయి. ఒకామె చెవి కమ్మలు కాగితంలో చుట్టి తెచ్చి ఉంచుకో బాబూ అంది, వద్దని పంపేస్తే పక్క వీధిలో తాకట్టు పెట్టి మరీ వచ్చి కట్టింది. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానంలో డయాలసిస్ వాళ్ల అవస్థ ఇంకా ఘోరం, వారానికి రెండు మూడు సార్లు వెళ్లాలి, ఆటోలు లేవు, ఎవరి బండో బతిమాలుకుని చెక్‌పోస్టు దగ్గర ఫైలు చూపించుకుంటూ పోయేవారు.

అన్నింటికన్నా నాకు మింగుడు పడంది బడి. వైన్ షాపులు 2020 మే 4నే తెరిచారు, దుకాణాల ముందు తోపులాట అందరం చూశాం. ఒకటి నుంచి అయిదు క్లాసుల పిల్లలకి బడి తెరిచింది మాత్రం 2021 ఫిబ్రవరి 1న! ఏప్రిల్లో మళ్లీ మూసి ఆగస్టు 16న తెరిచారు. ఆన్‌లైన్ క్లాసు అంటే ఇంటికో ఫోన్ ఉండాలి, అది నాన్నతో పనికెళ్లిపోతుంది.

అసలు రోగం విరుచుకు పడింది 2021లో, అప్పుడు ప్రధానే లాక్‌డౌన్ ఆఖరి ఆయుధం అన్నారు, మనకి మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు తర్వాత కర్ఫ్యూ. దాంతో ఊరంతా ఆ ఆరు గంటల్లోనే కొట్ల మీద పడేది. బెడ్లు లేవు, ఆక్సిజన్ లేదు. మొదటి ఏడాది అంత ఖర్చుపెట్టి కొనుక్కున్న టైములో ఏం చేసినట్టు?

నేనడిగేది జిల్లా లెక్క. ఎన్ని డయాలసిస్‌లు తప్పాయి, ఎంతమంది గుంటలు బడి మానేశారు, ఎన్ని బట్టీలు మళ్లీ తెరవలేదు, ఇటు రోగం ఎన్నాళ్లు ఆగింది, రెండూ పక్కపక్కన పెట్టి కాగితం బయటపెట్టాలి. ఇంకోసారి ఇలాంటిదొస్తే కేసుని బట్టి మండలం మండలానికి మూయండి, మనుషులు ఊరు చేరడానికి కనీసం మూడ్రోజులివ్వండి, బడి ఆఖర్న మూసి అన్నిటికన్నా ముందు తెరవండి. ఆ లెక్క మీ పేపరోళ్లయినా అడగండి, నేనెళ్లి ఎమ్మార్వో ఆఫీసులో అడిగితే నీకేటి పనిలేదా అంటారు.

ఇట్లు,
ఒక కిరాణా వ్యాపారి,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా