పద్యం కిందే తాత్పర్యం వద్దు

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ భక్తి పేజీలో పద్యం వేసి, దాని కిందే తాత్పర్యం ఇస్తున్నారు. తిరుపతిలో చాలా సత్సంగాల్లోనూ ఇదే వరస. పద్యం అర నిమిషం, దాని మీద ఉపన్యాసం ముప్పావు గంట. ‘బాగా చెప్పారు’ అనుకుంటూ అందరూ లేచిపోతారు. పద్యం మాత్రం ఎవరినీ ఏమీ అడగకుండానే ముగిసిపోతుంది. కొరుకుడుపడని పద్యాన్ని కాసేపు అట్లాగే ఉండనిస్తేనే అది మనిషిని లోపల కెలుకుతుంది. సత్సంగాలు, భజన మండళ్లు నడిపేవాళ్లకు పనికొస్తుందని ఆ పద్ధతి రాస్తున్నాం.

పద్యం కోసం దూరం పోనక్కర్లేదు. పక్కనున్న శ్రీకాళహస్తి స్వామికి ధూర్జటి కవి శ్రీకాళహస్తీశ్వర శతకంలో చెప్పుకున్నదే తీసుకోవచ్చు:

అంతా మిథ్య తలంచి చూచిన నరుండట్లౌటెరింగిన్ సదా
కాంతల్ పుత్రులు నర్థముల్ తనువు నిక్కంబంచు మోహార్ణవ
భ్రాంతిం జెంది చరించుఁ గాని పరమార్థంబైన నీయందుఁ దాఁ
జింతాకంతయు చింత నిల్పఁడు కదా శ్రీకాళహస్తీశ్వరా!

కూర్చునేవాళ్లు 12 నుంచి 15 మంది చాలు. అంతకు మించితే మాట్లాడేవాళ్లు నలుగురే మిగులుతారు. పద్యాన్ని పెద్ద అక్షరాల్లో, వరసల మధ్య జాగా వదిలి, ఒక్కో కాగితం మీద ఒక్క పద్యమే అచ్చు వేయించాలి. తాత్పర్యం ఉండకూడదు. ఒకరు రెండుసార్లు చదవాలి, రాగం తీయకుండా. ఇది శార్దూల వృత్తం, పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు. మొదటి పాదంలో ‘నరుండట్లౌటెరింగిన్’ దగ్గర నాలుక తప్పక తడబడుతుంది. నరుండు, అట్లు, ఔట, ఎరింగిన్ అని విడదీసి చూపాలి. మొదటి అక్షరం ‘అం’తో యతి కుదిరేది 13వ అక్షరంలో కలిసిపోయిన ‘అట్లు’లోని అకారానికే. కాబట్టి విరుపు కూడా అక్కడే.

ఇంకో సంగతి గట్టిగా పట్టుకోవాలి. పదాల అర్థం చెప్పవచ్చు, తాత్పర్యం చెప్పకూడదు. మోహార్ణవం అంటే మోహమనే సముద్రం, నిక్కం అంటే నిజం. అక్కడికి ఆపాలి. అందరి చూపూ ‘ఎరింగిన్’ మీద పడేలా ఆ పాదాన్ని మరోసారి చదవాలి. ఎరింగిన్ అంటే తెలిసి కూడా. ధూర్జటి గోడు తెలియని వాడి గురించి కాదు, అంతా మిథ్యేనని తెలిసి కూడా తిరిగే వాడి గురించి. సత్సంగానికి వచ్చి కూర్చున్నవాళ్లలో ఈ మాట తెలియనివాళ్లు ఎవరున్నారు? పద్యం గుచ్చుకునేది ఇక్కడే.

ఆ తర్వాత ఒక చింతరెమ్మ తెచ్చి, తలా ఒక ఆకు అరచేతిలో పెట్టండి. రెమ్మ మొత్తం కాదు, రెమ్మకు రెండు వైపులా వరసగా ఉండే చిన్న ఆకుల్లో ఒక్కటి. వేలిగోరు కన్నా చిన్నది, ఊపిరి తగిలితే కదిలేంత తేలిక. ‘చింతాకంతయు చింత’ అన్న మాట అప్పుడు చెవితో పాటు చేతికీ తెలుస్తుంది. దాన్ని చూస్తూ 5 నిమిషాలు మౌనం. ఫోన్లు పక్క గదిలో ఉండాలి. తర్వాత ఎవరికి వాళ్లు తమను గుచ్చిన ఒక్క మాట కింద గీత గీసుకుని, తలా 2 నిమిషాలు మాట్లాడాలి. వాక్యం ‘నేను’తో మొదలవ్వాలి, ‘ఈ కాలం జనం’తో కాదు. ఒకరు చెప్పినదానికి ఇంకొకరు జవాబు చెప్పకూడదు. వద్దనుకున్నవాళ్లు ‘తర్వాత’ అని తప్పుకోవచ్చు. గంటంబావులో అంతా అయిపోతుంది.

చెడేది ఎక్కడంటే, ఎక్కువగా పండితుల దగ్గరే. సంస్కృతాంధ్రాలు బాగా వచ్చినవారు మౌనం పట్టలేక అర్థం అందిస్తారు. వారిని ముందుగానే పదచ్ఛేదం, అంటే పదాల విడదీత, చెప్పమని కోరితే ఆ ముచ్చటా తీరుతుంది, సభా నిలుస్తుంది. ఇదే శతకంలోని ‘రాజుల్మత్తులు’ పద్యం మొదటి నెలల్లో ఎత్తుకోవద్దు. చర్చ నేటి నాయకుల మీదికి మళ్లి సాయంత్రం కాస్తా పోతుంది. ‘కాంతల్’ దగ్గర ఆడవాళ్లు ఇది మగవాళ్ల గొడవ అనుకునే వీలుంది. కాంతలు, పుత్రులు, అర్థాలు, తనువు అన్న ఆ జాబితా స్థానంలో ఎవరిది వాళ్లు రాసుకోమనాలి. ఇంట్లో ఇటీవల ఎవరైనా పోయినవాళ్లు ఉంటే చావు మాట ఉన్న పద్యాన్ని ఆ వారం పక్కన పెట్టాలి. ఇందులో మొహమాటం వద్దు.

అన్నమయ్య దగ్గర చిక్కు వేరు. 32 వేల కీర్తనలు రాశాడంటారు, రాగిరేకుల మీద మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు. ఆ దక్కిన వేలల్లోనూ మండళ్లలో తిరిగేవి కొన్నే. ‘నానాటి బతుకు నాటకము’ అందరికీ నోటికి వచ్చు కాబట్టే మనసుకు అందదు. వరస గుర్తుకు రాగానే నాలుక పరుగెత్తుతుంది. ముందు వచనంలా చదివించండి. ‘వొడిఁగట్టుకొనిన వుభయకర్మములు గడిదాటినపుడే కైవల్యము’ దగ్గర ఆగండి. గడి అంటే పొలిమేర. ఒడిగట్టడం అన్న మాటను ఇప్పుడు మీ పత్రికలతో సహా అందరం ఘాతుకాలకే వాడుతున్నాం. అన్నమయ్య పాపంతో పాటు పుణ్యాన్నీ ఒడిలో మూటగట్టిన బరువుగానే చూశాడు. ‘తెగదు పాపము తీరదు పుణ్యము’ అనీ అన్నాడు. అలిపిరి మెట్లు ఎన్నిసార్లు ఎక్కామో లెక్క పెట్టుకునే మన ఊరివాళ్లకు ఇంతకన్నా ఇబ్బంది పెట్టే పాదం లేదు. ఆ ఇబ్బందిని వెంటనే సర్దిచెప్పకుండా వారం రోజులు ఇంటికి మోసుకుపోనివ్వండి.

అందుకే మీకో విన్నపం. వారానికి ఒక్క రోజు, శనివారమైతే మరీ మంచిది, పద్యమూ పదాల అర్థమూ మాత్రమే అచ్చు వేయండి. దాని తాత్పర్యం వచ్చే శనివారం, కొత్త పద్యం పక్కన వేయండి. మీకు జాగా ఎక్కువేమీ పట్టదు.

ఇట్లు,
సత్సంగ నిర్వాహకులు కొందరు, తిరుపతి