బ్లాకులు కరిగించే డ్రిప్పుల ప్రకటనలు ఆపించండి

సంపాదకుల వారికి నమస్కారం.

‘కాలువలో పూడిక తీసినట్టు గుండె నాళాలు శుభ్రం చేస్తాం. ఆపరేషన్ లేదు, స్టెంటు లేదు. కొత్త పెప్టైడ్ డ్రిప్.’ రెండేళ్ల కిందట మా కోనసీమలో ఒక బస్టాండు ఎదుట కట్టిన ఫ్లెక్సీ మీద ఉన్న మాటలివి. కొబ్బరి వ్యాపారం చేసే మా బావగారు చదివి నమ్మారు. అప్పటికే స్టెంటు పడిన మనిషి. పది డ్రిప్పులకు డబ్బు కట్టి, ఇక ఇదెందుకని రోజూ రాత్రి వేసుకునే కొలెస్ట్రాల్ మాత్ర మానేశారు. నాలుగో నెలలో అర్ధరాత్రి ఛాతీ పట్టేసింది. దేవుడి దయవల్ల బతికారు. మా అక్కకి మాత్రం ఈనాటికీ కంటినిండా నిద్ర లేదు.

నేను ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, ప్రొటీన్‌కు చిన్న తమ్ముడు. అది బూటకపు మాట కాదు. చదువుకున్నవాళ్లు కూడా పడిపోయేది అందుకే.

ఇటలీలో గార్డా సరస్సు ఒడ్డున లిమోనె అని చిన్న ఊరుంది. అక్కడ కొన్ని కుటుంబాల వాళ్లకు మంచి కొలెస్ట్రాల్ బాగా తక్కువ. అయినా గుండెజబ్బులు అంతగా లేవు. వాళ్ల రక్తంలో మంచి కొలెస్ట్రాల్‌ను మోసే ఏపీవో ఏ-1 అనే ప్రొటీన్‌లో, 243 అమైనో ఆమ్లాలకు గాను ఒక్కటి మారి ఉందని మిలాన్ పరిశోధకులు కనిపెట్టారు. ఆ ప్రొటీన్‌ను ప్రయోగశాలలో తయారుచేసి, కొవ్వుతో జతచేసి, వారానికోసారి ఐదు వారాలు ఎక్కిస్తే నాళాల గోడల్లో పేరుకున్న కొవ్వు 4 శాతం దాకా తగ్గిందని 2003లో అమెరికాలో ప్రకటించారు. అదే పనిని 18 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్‌తో చేయించాలని ఆ దేశంలోనే అలబామాలో అనంతరామయ్య గారు, లాస్ ఏంజెలెస్‌లో ఫోగెల్‌మన్ గారు అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి శ్రమపడ్డారు. ఎలుకల్లో మంచి ఫలితాలే వచ్చాయి.

తర్వాతి సంగతి ఫ్లెక్సీల మీద ఉండదు. 2003 పరీక్షలో ఉన్నది అరవై మంది కూడా కాదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వాడుతున్నవాళ్లకు అదే ప్రొటీన్ మళ్లీ ఎక్కించి చూస్తే అదనంగా ఒరిగిందేమీ లేదని 2016లో తేలింది. మనుషుల రక్తం నుంచి తీసిన ఏపీవో ఏ-1ను గుండెపోటు వచ్చిన 18 వేల మందికి పైగా రోగుల్లో పరీక్షించి 2024లో ఫలితం చెప్పారు. తొంభై రోజుల్లో మరణాలు, మళ్లీ గుండెపోటు, పక్షవాతం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పరిశోధన సాగాలి, నాకూ ఆశ ఉంది. కానీ ఇంకా నిరూపణ కాని దాన్ని అమ్మడం ఘోరం.

అసలు కాలువ పోలికే తప్పు. ఆ కొవ్వు అడుగున చేరే ఒండ్రు కాదు. గట్టు లోపల, అంటే నాళం గోడలోనే, వాపుతో కలిసి పెరుగుతుంది. దాని పై పొర చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి గుండెపోటు వస్తుంది. ఆ పొర చిట్లే ముప్పును తగ్గించేది మా బావగారు మానేసిన ఆ చవక మాత్రే.

1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టంలో ధమనులు గట్టిపడటం, గుండెజబ్బులు పేరుపేరునా ఉన్నాయి. వీటిని నయం చేస్తామని ప్రకటిస్తే మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు వేయవచ్చు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు బస్టాండు దాకా వస్తే చాలు, రుజువు గుంజలకే వేలాడుతోంది. మీరు కూడా ఇలాంటి ప్రకటనలు తీసుకోవద్దని, కొత్త మందు వార్త వేసినప్పుడు పరీక్ష ఎలుకల మీదా, మనుషుల మీదా, ఎంతమంది మీదా అన్నది తప్పక రాయాలని వేడుకుంటున్నాను.

ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో 2003-04లో చావుల కారణాలు లెక్కిస్తే నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బులవే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అందించిన డీఈసీ మాత్రను బోదకాలు రాకుండా మన ఇళ్లకే తెచ్చి మింగించారు. అదే తీరున మా ఊరి ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్‌తో పాటు కొలెస్ట్రాల్ పరీక్ష కూడా చేసి, స్టాటిన్ మాత్ర నెలనెలా తప్పకుండా ఇవ్వాలి.

ఆ బస్టాండు ఎదుట పాత ఫ్లెక్సీ చిరిగిపోయింది. సంక్రాంతికి కొత్తది కట్టారు.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, కోనసీమ